మిగిలిన పదహారు గంటలు

ఉక్కు నగరానికి ఖనిజం పంపే ఊరిలో, రాత్రి ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు కార్మికులు చెప్పిన సమాధానం

ఇనుమును కరిగించే కొలిమికి నిద్ర లేదు. ఒకసారి రాజుకున్న బ్లాస్ట్ ఫర్నేస్ ఏళ్ల తరబడి ఆరకుండా మండుతూ ఉండవలసిందే. అందువల్ల ఉక్కు నగరాలలో దినచర్యను సూర్యుడు గాక సైరన్ నిర్ణయిస్తుంది. మధ్యప్రదేశ్ నుంచి విడివడి 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయిలో ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అనే మూడు వేళలు వేలాది కుటుంబాల నిద్రాహారాలను శాసిస్తూ వచ్చాయి. రాత్రి పది గంటలకు ఒక సేన లోనికి ప్రవేశిస్తుంటే, మరొక సేన చెమటతో, ధూళితో బయటికి వస్తుంది.

అలా బయటికి వచ్చిన మనిషి ఎక్కడికి వెళతాడు? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, పారిశ్రామిక నగరాల మంచిచెడ్డలు చాలావరకు దీని జవాబు మీదనే ఆధారపడి ఉన్నాయి. బొంబాయి, కలకత్తా వంటి మహానగరాల రాత్రులను గురించి చెప్పేటప్పుడు మనకు క్లబ్బులు, బార్లు, రంగుదీపాలు, వాద్యగోష్ఠులు జ్ఞాపకం వస్తాయి. అవి డబ్బూ తీరికా ఉన్నవారి రాత్రులు. ఎనిమిది గంటలు శరీరాన్ని ఖర్చుపెట్టి, చేతిలో ఆనాటి కూలితో నిలబడిన మనిషి రాత్రి వేరు. అతని కోసం ఏ తలుపు తెరచి ఉన్నదో, అతని డబ్బు ఆ తలుపులోనికే వెళుతుంది.

గీతలు గీసి కట్టిన ఊరు

భిలాయి పథకం ప్రకారం పుట్టిన పట్టణం. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒడంబడిక ఫలితంగా ఇక్కడి వరిపొలాల నడుమ కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సంవత్సరానికి పది లక్షల టన్నుల ఉక్కు లక్ష్యంగా మొదలైన ఈ కర్మాగారం దేశపు రైలు పట్టాలకు ప్రధానమైన పుట్టినిల్లయింది. 1980ల మధ్యనాటికి గనులతో కలిపి ఉద్యోగుల సంఖ్య 60,000 దాటింది.

పట్టణాన్ని సెక్టార్లుగా విభజించి, చెట్లు నాటిన వీధులు, పాఠశాలలు, ఆటస్థలాలు ఏర్పరచారు. సెక్టార్ 9లో పెద్ద ఆసుపత్రి వెలసింది. రెండు దేశాల స్నేహానికి గుర్తుగా మైత్రీబాగ్ అనే ఉద్యానం, జంతుప్రదర్శనశాల రూపొందాయి. సివిక్ సెంటర్ సాయంకాలపు షికార్లకు కూడలి అయింది. అధికారులకు క్లబ్బులు ఉండేవి. ఆ విధంగా కర్మాగారపు స్థిరోద్యోగికి సాయంత్రం పూట వెళ్లడానికి ఎన్నో చోట్లు దొరికాయి.

దేశం నలుమూలల నుంచి వచ్చిన జనం తమ తమ సంస్కృతులను వెంట తెచ్చుకున్నారు. వారిలో తెలుగువారి పాత్ర తక్కువది కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం ఉత్తరాంధ్రను ఈ ప్రాంతంతో ముడివేసింది. ఆ దారిన వచ్చి ఖుర్సీపార్ వంటి పేటలలో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఆంధ్ర సాహిత్య సమితి, సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం ఈ ప్రవాసాంధ్రులకు పండుగలకు, పాటలకు, పలకరింపులకు తావులయ్యాయి.

అయితే గీతలు గీసి కట్టిన పట్టణానికి ఆవలి అంచున మరొక భిలాయి పెరిగింది. సుపేలా, పవర్‌హౌస్, క్యాంపు ప్రాంతాలలో, పెద్దరోడ్డు పొడవునా దుకాణాలు, హోటళ్లు, బార్లు, సారాకొట్లు వెలిశాయి. భిలాయిని దశాబ్దాలపాటు పరిశీలించిన బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ ప్యారీ ఇక్కడి జనం నోట వినిపించే రెండు మాటలను ముఖ్యంగా గుర్తించాడు. ఒకటి ‘నౌకరీ’, రెండవది ‘కామ్’. మొదటిది జీతము, ఇల్లు, వైద్యము, పింఛను కలిగిన ఉద్యోగం. రెండవది ఏనాటికానాడు కూలి దొరికితే దొరికినట్లు, లేకపోతే లేనట్లు సాగే పని. ఈ రెండు వర్గాలకు పగలు ఒకేచోట గడిచినా, రాత్రి మాత్రం ఒకేచోట గడవలేదు.

ఒకనాటి పల్లె రాత్రి

కర్మాగారం రాకముందు ఛత్తీస్‌గఢ్ పల్లెలకు రాత్రివేళ వినోదం లేకపోలేదు. పంట ఇంటికి చేరిన తరువాత ‘నాచా’ ఆటగాళ్లు తెల్లవారేదాకా ఆడేవారు. మన వీధిభాగవతాల వలె ఈ ప్రదర్శనలకు తెరలు, టిక్కెట్లు అవసరం లేదు. పాండవుల కథను తంబూరా పట్టి ఒక్కరే నటిస్తూ గానం చేసే ‘పండవానీ’ మన బుర్రకథకు, హరికథకు చుట్టమనదగిన కళ. భిలాయికి సమీపంలోని గనియారీ గ్రామంలో జన్మించిన తీజన్‌బాయి, పురుషులు మాత్రమే నిలబడి పాడే కాపాలికా శైలిని చేపట్టి, భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూనే ప్రపంచఖ్యాతి గడించింది. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ లభించింది. దుర్గ్ సమీపంలోని బఘేరా గ్రామానికి చెందిన దావూ రామచంద్ర దేశ్‌ముఖ్ 1971లో ‘చందైనీ గోందా’ అనే సంగీతరూపకాన్ని సమకూర్చి, రైతు జీవితాన్ని వేదిక మీదికి తెచ్చినపుడు వేలాది ప్రేక్షకులు రాత్రంతా కూర్చుని చూశారు.

ఈ పల్లెలలో మద్యం కూడా ఉండేది. ఇప్పపూల సారా గోండు, హల్బా మొదలైన ఆదివాసుల పెళ్లిళ్లలో, జాతరలలో, దేవతారాధనలో భాగం. చెట్టు అడవిది, పువ్వు ఏరినది ఇంటి ఆడది, కాచినది తమ వాకిట్లోనే. దానికి ఋతువు ఉంది, సందర్భం ఉంది. తాగి పాడైనవారు అప్పుడూ లేకపోలేదు గాని, తాగించడం వలన లాభం పొందే మూడవ మనిషి ఆ పల్లెలో లేడు.

ఆ మూడవ మనిషి కూలిడబ్బును వెతుక్కుంటూ వచ్చాడు.

ఎర్రమట్టి ఊరు

భిలాయికి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో దల్లీ రాజ్‌హరా ఉంది. భిలాయి కొలిములు మింగే ఇనుప ఖనిజం దశాబ్దాలుగా ఈ కొండల నుంచే వచ్చింది. రాజ్‌హరా గనిలో యంత్రాలు పనిచేసేవి. దల్లీ వైపు గనులలో మాత్రం వేలాదిమంది స్త్రీపురుషులు గుత్తేదార్ల కింద సుత్తెతో రాయి పగులగొట్టి, తట్టతో మోసి, లారీలకు ఎత్తేవారు. వీరు ‘కామ్’ మనుషులు. ఉక్కు పట్టణపు సెక్టార్లుగాని, పచ్చికబయళ్లుగాని, క్లబ్బులుగాని వీరివి కావు. పూరిగుడిసెల వరుసల చివర సాయంత్రం తెరచి ఉండే తలుపు ఒకటే, సారాబట్టీ.

సారాబట్టీ అక్కడ ఎందుకు వెలిసిందో అర్థం కావాలంటే ఆనాటి ఆబ్కారీ పద్ధతిని గుర్తుచేసుకోవాలి. ఒక ప్రాంతంలో నాటుసారా అమ్మే హక్కును ప్రభుత్వం ఏటేటా వేలం వేసేది. తెలుగునాట ‘సారా పాటలు’ అన్న మాట తెలియని పాతతరం ఉండదు. అధికంగా పాడినవానికి దుకాణం దక్కుతుంది. పాడిన సొమ్ము పన్నెండు నెలలలో రాబట్టుకుని, ఆపైన లాభం కూడా చూసుకోవాలంటే అతడు తాగేవారి సంఖ్యను పెంచాలి. తాగేవాడి చేత మరింత తాగించాలి. అందుకు గని దగ్గరి కంటె మంచి చోటు లేదు. అక్కడ వారంవారం నగదు చేతులు మారుతుంది. డబ్బులేని రోజున అరువు ఉండనే ఉంది. అరువు తీర్చే రోజు కూలిరోజే కాబట్టి, కూలిలో సగం ఇంటికి చేరకముందే ఖాతాపుస్తకంలోనికి వెళ్లిపోతుంది. ఈ లెక్కలో కార్మికుని బలహీనత ఒక అంశం మాత్రమే, మిగిలినదంతా వ్యాపారం.

కూలి పెరిగినప్పుడు వచ్చిన చిక్కు

1943లో జన్మించిన శంకర్ గుహా నియోగి బెంగాలీ యువకుడు. 1960లలో భిలాయికి వచ్చి కర్మాగారపు కోక్ ఓవెన్ విభాగంలో పనిచేశాడు. కార్మికోద్యమంలో పాల్గొని ఉద్యోగం పోగొట్టుకున్న తరువాత పల్లెల వెంట తిరిగి, చివరకు దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో కూలివానిగా చేరి, తోటి కార్మికురాలు ఆశాను పెళ్లాడాడు. అత్యవసర పరిస్థితి కాలంలో జైలులో ఉన్న ఆయన 1977లో విడుదలయ్యాడు. అప్పటికే ఉన్న సంఘాల మీద విశ్వాసం కోల్పోయిన దల్లీ రాజ్‌హరా కార్మికులు ఆయనను పిలిపించుకున్నారు. అలా ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక సంఘం ఏర్పడింది.

పనిలేని రోజులకు కొంత కూలి, వానకాలానికి ముందు గుడిసె కప్పుకోవడానికి భత్యం వంటి కోరికలతో సాగిన ఆ పోరాటంలో 1977 జూన్ 2, 3 తేదీలలో పోలీసు కాల్పులు జరిగి పదకొండుమంది మరణించారు. వారిలో అనసూయాబాయి అనే కార్మికురాలు, సుదామా అనే బాలుడు ఉన్నారు. ఇంత రక్తం చిందిన తరువాత కోరికలు నెరవేరాయి. కూలి పెరిగింది, ఆ తరువాతి ఏండ్లలో ఇంకా పెరిగింది.

అప్పుడు ఎవరూ ఊహించని విషయం బయటపడింది. పెరిగిన కూలిలో పెద్దభాగం ఇళ్లకు రాలేదు. సారాదుకాణాల వ్యాపారం పుంజుకుంది. ప్రాణాలిచ్చి సంపాదించుకున్న రూపాయి నేరుగా గుత్తేదారు గల్లాపెట్టెలోనికి నడిచిపోతున్నదని ముందుగా గ్రహించినది స్త్రీలు. దల్లీ గనులలో స్త్రీలు ఇంటికే పరిమితమైనవారు కారు. పురుషులతో సమానంగా రాయి మోసి కూలి తెచ్చేవారు, సంఘపు సమావేశాలలో కూర్చునేవారు. అందుచేత వారి ఫిర్యాదు వంటింటి గొణుగుడుగా మిగలక సంఘపు చర్చగా మారింది.

ఇక్కడనే నియోగి ఆలోచనలోని విశేషం కనబడుతుంది. కార్మికసంఘమంటే పనిచేసే ఎనిమిది గంటల కూలి, బోనసు కోసం మాత్రమేనని సాధారణమైన అభిప్రాయం. మనిషికి రోజులో మరి పదహారు గంటలు ఉన్నాయి. అవి కూడా సంఘానివేనని ఆయన వాదించాడు. ఆ పదహారు గంటలలో మనిషి ఏమి తింటాడు, ఏమి తాగుతాడు, రోగమొస్తే ఎక్కడికి వెళతాడు, బిడ్డలు ఏమి చదువుతారు, సాయంత్రం ఏ పాట వింటాడు అన్నవన్నీ కూలి ఎంత అన్న ప్రశ్న కంటె తక్కువవి కావు. ఎనిమిది గంటలలో గెలిచినది పదహారు గంటలలో పోగొట్టుకుంటే ఆ గెలుపు ఎవరికి?

తలుపు మూసిన తీరు

1970ల చివర, 1980ల ఆరంభంలో సాగిన ఈ మద్యవ్యతిరేకోద్యమానికి ప్రభుత్వ శాసనం ఆధారం కాదు. ప్రజల మాటే దానికి శాసనం. పేటపేటలో సభలు జరిగాయి. తాగబోమని కార్మికులు మూకుమ్మడిగా ప్రతిజ్ఞలు చేశారు. ప్రతిజ్ఞ తప్పినవారికి సంఘం జరిమానా విధించింది. తాగి భార్యను కొట్టినవాడు నలుగురిలో సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. నీతిబోధ కంటె లెక్క ఎక్కువ పనిచేసింది. నెలకు ఎంత తాగాము, ఆ డబ్బుతో ఎన్ని బస్తాల బియ్యం వచ్చేవి అన్న లెక్క చదువురానివారికి కూడా తెలిసేదే. వేలాదిమంది తాగుడు మానుకున్నారు.

వ్యాపారం దెబ్బతిన్నవారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఉద్యమం ఉధృతంగా ఉన్న 1981లో నియోగిని జాతీయ భద్రతా చట్టం కింద నిర్బంధించారు. ఆ నిర్బంధాన్ని పరిశీలించిన పౌరహక్కుల సంఘాలు గని కార్మికుల పోరాటాన్ని, మద్యవ్యతిరేకోద్యమాన్ని దేశం దృష్టికి తెచ్చాయి. నాయకుడు జైలులో ఉన్నా సంఘం చెదరలేదు. ఎందుకంటే ఆ ప్రతిజ్ఞ నాయకునికి ఇచ్చినది కాదు, ఒకరికొకరు ఇచ్చుకున్నది.

అయితే మూసిన తలుపు పక్కన మరొకటి తెరవకపోతే, కొంతకాలానికి పాత తలుపే మళ్లీ తెరచుకుంటుంది. ఈ సత్యాన్ని ఆ సంఘం మొదటినుంచీ గుర్తించింది. ‘సంఘర్షణ, నిర్మాణం’ అన్న రెండు మాటలు దాని నినాదమయ్యాయి. మద్యం మీద జరిగిన చర్చ ఆరోగ్యం మీద చర్చగా విస్తరించింది. 1977 కాల్పులలో మరణించినవారి స్మృత్యర్థం 1983 జూన్ 3న ‘షహీద్ ఆసుపత్రి’ ప్రారంభమయింది. దాని గోడలు కార్మికుల శ్రమదానంతో లేచాయి. ఖర్చు వారి చందాలతో గడిచింది. వినాయక్ సేన్, ఆశిష్ కుండూ, శైబాల్ జానా వంటి వైద్యులు వచ్చి పనిచేశారు. పని ముగించుకుని వచ్చిన కార్మికులే శిక్షణ పొంది అక్కడ ఆరోగ్య కార్యకర్తలయ్యారు. విరేచనాలకు ఉప్పు, పంచదార కలిపిన నీరు ఎంతటి ఔషధమో పేటలలో చెప్పి తిరిగినవారు వీరే.

పిల్లలకు పాఠశాలలు వెలిశాయి. ‘నవా అంజోర్’, అనగా కొత్త వెలుగు, అన్న పేరుతో కళాబృందం ఏర్పడి నాచా బాణీలలో కొత్త పాటలు కట్టింది. 1857లో రాయపూర్‌లో ఉరికంబమెక్కిన సోనాఖాన్ వీరుడు నారాయణ్‌సింగ్ కథ మళ్లీ రాత్రివేళ ప్రదర్శనలలో వినిపించింది. బట్టీ ముందు గడచిన సాయంకాలాలు ఇప్పుడు ఆసుపత్రిలో, పాటలో, సభలో గడిచాయి. గ్రామీణ ఛత్తీస్‌గఢ్ పోగొట్టుకున్న రాత్రి మరొక రూపంలో గని ఊరికి తిరిగివచ్చింది.

కార్లైల్ నుంచి దూబగుంట వరకు

ఈ అనుభవం ప్రపంచంలో ఒంటరిది కాదు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దున గ్రెట్నా వద్ద పేలుడు పదార్థాల కర్మాగారం నెలకొల్పినపుడు వేలాది కార్మికులు సాయంత్రాలు సమీపంలోని కార్లైల్ పట్టణపు మద్యశాలలను ముంచెత్తారు. ఆయుధాల ఉత్పత్తికే ముప్పు వాటిల్లగా 1916లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రాంతపు మద్యశాలలను, సారాయి తయారీకేంద్రాలను తానే కొన్నది. అనవసరమైన దుకాణాలను మూసివేసింది. మిగిలిన వాటిలో జీతగాళ్లయిన నిర్వాహకులను నియమించి, ఎక్కువ అమ్మినంత మాత్రాన వారికి లాభం లేకుండా చేసింది. కూర్చునేందుకు విశాలమైన గదులు, తినడానికి వేడి భోజనం ఏర్పరచింది. ఈ ఏర్పాటు 1970ల ఆరంభం దాకా కొనసాగింది. తాగించడంలో లాభాన్ని తొలగించడం, సాయంత్రానికి మరొక ఆసరా చూపడం అనే రెండు సూత్రాలే అక్కడా పనిచేశాయి.

తెలుగు పాఠకులకు మరింత దగ్గరి ఉదాహరణ నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యతా తరగతులలో కూర్చున్న గ్రామీణ స్త్రీలు చదువుకున్న ఒక పాఠం వారిని సారాదుకాణం వైపు నడిపించింది. వర్ధినేని రోశమ్మ పేరు ఆ పోరాటానికి గుర్తయింది. 1992లో ఆ నిప్పు జిల్లా అంతటా వ్యాపించి సారా పాటలను నిలిపివేయించింది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలయింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం విధించింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దానిని సడలించింది. రాబడి తరగడం, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగరవాణా పెరగడం అందుకు చెప్పిన కారణాలు.

రెండు ఉద్యమాలలోనూ మొదటి అడుగు స్త్రీలదే. భేదం రెండవ అడుగులో ఉంది. ఆంధ్రదేశంలో ఉద్యమఫలం చట్టం చేతిలోనికి వెళ్లింది. చట్టం ఖజానా లెక్కలకు తలవంచింది. దల్లీ రాజ్‌హరాలో ఆ ఫలం ఒక ఆసుపత్రిగా, బడిగా నేలమీద నిలిచింది.

చీకటి పడిన తరువాత

1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయిలోని తన నివాసంలో నిద్రిస్తున్న నియోగిని కిటికీలోనుంచి తుపాకితో కాల్చి చంపారు. ఆ సమయంలో ఆయన భిలాయి చుట్టూ ఉన్న ప్రైవేటు కర్మాగారాలలోని కాంట్రాక్టు కార్మికులను సమీకరిస్తున్నాడు. గని ఊరి ప్రయోగాన్ని ఉక్కు నగరపు అంచులకు తేవాలన్న యత్నం మధ్యలోనే ఆగిపోయింది.

తరువాతి కాలం అనేక మార్పులు తెచ్చింది. దల్లీ నిల్వలు తరిగి, కర్మాగారం దృష్టి దక్షిణాన రావ్‌ఘాట్ కొండల మీదికి మళ్లింది. చేతిసుత్తె స్థానంలో యంత్రం వచ్చింది. భిలాయి స్థిరోద్యోగుల సంఖ్య ఒకనాటిదానిలో చిన్నభాగానికి తగ్గగా, వారి చోట కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. అనగా ‘నౌకరీ’ తగ్గి ‘కామ్’ మిగిలింది. 2016లో ఐ.ఐ.టి. భిలాయి ఏర్పడింది, పెద్దరోడ్డు మీద మాల్‌లు, ఆధునికమైన భోజనశాలలు, బార్లు వచ్చాయి. 2017 ఏప్రిల్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లో మద్యపు చిల్లర అమ్మకాన్ని ప్రభుత్వసంస్థే చేపట్టింది. గుత్తేదారు తొలగినా, మద్యం వలన వచ్చే రాబడి మీద ఆశ మాత్రం తొలగలేదు. మద్యనిషేధానికి కృషిచేయాలని ఆదేశించే రాజ్యాంగపు 47వ అధికరణం ఒకవైపు, ఖజానా మరొకవైపు రాష్ట్రప్రభుత్వాలను లాగుతూనే ఉన్నాయి.

షహీద్ ఆసుపత్రి మాత్రం వ్యవస్థాపకుని మరణం తరువాత కూడా కొనసాగింది. కూలీలు, రైతులు, అడవి పల్లెల ఆదివాసులు దాని వాకిట చేరుతూ వచ్చారు. ఒక ఊరి జనం తాగడం మానిన డబ్బుకు, సమయానికి ఇంతకంటె స్పష్టమైన రశీదు ఉండదు.

పారిశ్రామిక నగరాలను నిర్మించేవారు కొలిమి ఎంత పెద్దదో, పట్టా ఎంత పొడవో లెక్కిస్తారు. బార్లు ఎన్ని, వాటిని మూసే వేళ ఏది అన్నది ఆబ్కారీ శాఖ లెక్కిస్తుంది. కాని రాత్రి పదిగంటలకు ద్వారం దాటి వచ్చే కూలివానికి, బార్ కాక ఇంకేమి తెరచి ఉన్నదన్న లెక్క ఏ శాఖ పుస్తకంలోనూ కనిపించదు. వెలుతురు ఉన్న పఠనాలయం, పాట వినిపించే ఆవరణ, రోగమొస్తే తట్టదగిన తలుపు, అలసిన మనిషి నలుగురితో కూర్చునే అరుగు ఉన్న ఊరిలో మద్యం ఒక వినోదంగా మాత్రమే మిగులుతుంది. అవి లేనిచోట అదే జీవితమంతా ఆక్రమిస్తుంది. దల్లీ రాజ్‌హరా కూలీలు పెద్ద చదువులు చదవకుండానే ఈ లెక్క వేసి చూపారు.